ప్రవాస కుటుంబము, సెలవుల పయనము

ప్రవాసము అను సంస్కృత పదము గుజరాతీకిని తెలుగునకును సమానమే. రూపము ఒకటే, అర్థము మాత్రము రెండు దారులు పట్టినది. గుజరాతీలో ప్రవాసమనగా ప్రయాణము, ఊళ్ళు చూచి వచ్చుట. తెలుగులో ప్రవాసమనగా పరాయి చోట నివసించుట. కాకా కాలేల్కర్ రచించిన 'హిమాలయనో ప్రవాస్' అను గ్రంథము పేరు వినగానే గుజరాతీ పాఠకుడు హిమాలయములలో తిరిగి వచ్చిన వాని వృత్తాంతమని గ్రహించును. తెలుగు పాఠకుడు తొందరపడినచో హిమాలయములలో కాపురముండిన వాని వృత్తాంతమనుకొనును. అనువాదకునకు ఇది చిన్న చిక్కు. నిఘంటువు చూచినచో తీరిపోవును. కాని సాహిత్య విమర్శకు పనికివచ్చు ప్రశ్న యొకటి ఈ చిక్కులో దాగి యున్నది. పరాయి చోట నివసించుటయు, అక్కడనుండి ప్రయాణము చేయుటయు ఒక్క కుటుంబము బ్రదుకులోనే కలిసినప్పుడు, భార్యాభర్తలు బిడ్డలతో పరాయి భాష నడుమ కాపురముండి ఏటేట సెలవులకు పయనమగునప్పుడు, ఆ బ్రదుకును చెప్పుటకు మన భాషలలో ఏ సాహిత్యరూపము కలదు?

ఈ ప్రశ్నను సూరత్ నగరమునందలి సలాబత్‌పురాలో నిలిచి అడుగుట ఉచితము. గోపీపురా, నాన్‌పురా, రుస్తంపురా, బేగంపురా అనునట్లు 'పురా' తుదగా గల పేటలు సూరత్‌లో పెక్కు కలవు. వానిలో సలాబత్‌పురా ఒకటి. నేడు రింగు రోడ్డు మీద బారులు తీరియున్న వస్త్రవిపణులకు అది చేరువ. మగ్గము, జరీ, బట్టల మూట, లెక్కల పుస్తకము అచటి జీవితమునకు ఆధారములు. ఈ పేటకు తూర్పుగను దక్షిణముగను విస్తరించిన శ్రామికవాడలలో తెలంగాణము నుండి వచ్చిన నేతకుటుంబములు తరములుగా నివసించుచున్నవి. వరంగల్, కరీంనగరము, నల్లగొండ ప్రాంతముల పద్మశాలీలు షోలాపురము, భివండీ, సూరత్ నగరములకు వలస పోయిన కథ తెలుగువారెరిగినదే. మరమగ్గమును సిరిసిల్ల నేతవారు సాంచా అందురు; గుజరాతీలో యంత్రమునకు 'సంచో' అని పేరు. మాట కూడ వారితో దారి నడచినట్లున్నది.

సూరత్‌ను ఎన్నుకొనుటకు రెండవ కారణము సాహిత్యపరమైనది. గుజరాతీలో వెలువడిన తొలి యాత్రాగ్రంథములలో ముఖ్యమైన దానిని రచించినవాడు ఈ నగరమున 1829లో జన్మించిన మహీపత్‌రామ్ రూప్‌రామ్ నీలకంఠ్. ఆ కథను విచారించుటకు ముందు మన అలంకారశాస్త్రమును ఒకమారు తలచుకొనవలెను.

అష్టవిధ నాయికలలో ప్రోషితభర్తృక ఒకతె. భర్త దేశాంతరము పోగా ఇంట మిగిలినది ఆమె. పురుషుని ప్రవాసము స్త్రీకి విరహము. ఆ విరహము కావ్యమునకు రసము. కాళిదాసుని యక్షుడు ఒక యేడు ఉద్యోగభ్రష్టుడై కొండమీద గడపినప్పుడు, వానికి బదులుగా మేఘము పయనమైనది. మన కావ్యదృష్టిలో పరదేశవాసము ఎట్టిదో తెలిసికొనుటకు ఈ రెండు ఉదాహరణములు చాలును. వెళ్ళువాడు ఒక్కడు, ఉండునది ఒక్కతె, నడుమ దూరము. ఈ లెక్కలో బిడ్డకు చోటు లేదు. తండ్రి దేశాంతరము పోయిన బిడ్డకు శాస్త్రము పేరు పెట్టలేదు. తల్లిదండ్రులతో కూడ తానును దేశాంతరమున పెరుగుచున్న బిడ్డను శాస్త్రము ఊహింపనే లేదు. శాస్త్రకారులను నిందించుటకు ఈ మాట చెప్పుట లేదు. వారి కాలమున వర్తకుడును, సైనికుడును, రాజసేవకుడును సాధారణముగా ఒంటరిగానే పోయిరి. కాని శాస్త్రము ఏర్పరచిన అచ్చు, కాలము మారిన తరువాత కూడ రచయితల చేతిలో నిలిచిపోయినది.

మహీపత్‌రామ్ 1860లో ఇంగ్లండునకు వెళ్ళెను. అచటి ఉపాధ్యాయ శిక్షణ పద్ధతులను చూచి వచ్చుట ఆయన పని. ఆయన నాగర బ్రాహ్మణుడు. సముద్రము దాటిన నేరమునకు కులమువారు ఆయనను వెలివేసిరి. ఆ వెలి తొలగుటకు తుదకు ప్రాయశ్చిత్తము చేసికొనక తప్పలేదు. ఆయన ఇంగ్లండు యాత్రావర్ణనము 1864లో వెలువడినది. అచటి రైళ్ళు, బడులు, వీధులు, జనుల నడవడి అందు వర్ణితములు. చూచిన దానిని తన దేశమువారికి ఉపయోగపడునట్లు చెప్పవలెనను ఉపాధ్యాయుని తపన ఆ గ్రంథమునకు ప్రాణము.

సరిగా రెండేండ్లకు, 1866లో, అదే కలము నుండి 'సాసు వహునీ లడాఈ' అను నవల వెలువడినది. అత్తాకోడండ్ర కలహము దాని వస్తువు. గుజరాతీ నవలలలో అది చాల తొలినాటిది. ఇంటి నాలుగు గోడల నడుమ కోడలు పడు బాధను అంత సూటిగా చెప్పిన గద్యము అంతకుముందు గుజరాతీలో అరుదు.

ఈ రెండు గ్రంథములను ప్రక్కప్రక్కన నుంచి చూడవలెను. ఒకటి ప్రపంచమును గూర్చినది. ఒకటి ఇంటిని గూర్చినది. ఒకే మనిషి, ఒకే కాలము, సంస్కారమును కోరు ఒకే హృదయము. ఐనను రెండును కలియలేదు. సముద్రయానము చేసినవాడు ఒక్కడే గాని, వెలి కుటుంబమంతటికి తగిలినది. విందునకు పిలుపు రాకపోవుట, నీళ్ళకాడ మాటలు పడుట, బిడ్డల పెండ్లికి సంబంధము కుదరదేమో యను భయము, ఇవి వెలివేయబడిన ఏ కుటుంబమునకైనను తప్పనివి. ఇంటనున్న స్త్రీల మీదనే వాని బరువు మొదట పడును. అనగా ఆ యాత్రకు వెలకట్టినది ఇల్లు. ఆ వెల యాత్రాగ్రంథములో వ్రాయుటకు తగినదని నాటి గద్యమునకు తోచలేదు. యాత్ర నవలలో చేర్చుటకు తగినదనియు తోచలేదు. 1863లో ఇంగ్లండునకు వెళ్ళి 1866లో 'ఇంగ్లండ్‌మా ప్రవాస్' అను సచిత్ర గ్రంథమును ప్రకటించిన కర్సన్‌దాస్ మూల్జీ కూడ కులబహిష్కారమును అనుభవించినవాడే. ఇద్దరును ధైర్యశాలులు. వారి ధైర్యమును తక్కువ చేయుట న్యాయము కాదు. విమర్శకుడు అడుగవలసినది వేరు: యాత్రారచన తన ఆరంభముననే ఇంటికి తలుపు మూసికొన్నది కదా, ఆ తలుపు ఎప్పుడు తెరచుకొన్నది?

తెలుగునాట పరిస్థితి మరియొక విధముగా నున్నది. మద్రాసు సుప్రీం కోర్టులో ద్విభాషిగా నుండిన ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే నెలలో కాశీకి బయలుదేరి 1831 సెప్టెంబరులో తిరిగి వచ్చెను. ఆయన ఒంటరిగా పోలేదు. కుటుంబమును, పరివారమును కలిసి ఇంచుమించు నూరుమంది ఆయన వెంట నడచిరి. మిత్రుడైన కోమలేశ్వరపురము శ్రీనివాసపిళ్ళకు వ్రాసిన ఆ వృత్తాంతము ఆయన మరణానంతరము 1838లో అచ్చయినది. మజిలీలు, ధాన్యపు ధరలు, నీటి వసతి, కుంఫిణీ పాలన, పండాల తీరు, అన్నియు ఆ గ్రంథమున కలవు. తెలుగు గద్యమునకు అది గర్వకారణము. కాని అంత పెద్ద కుటుంబయాత్రలో ఒక పిల్లవాడు ఎచట అలసి కూర్చుండెనో, ఒక ఇల్లాలు ఏ ఊరి నీళ్ళు చూచి ఏమనుకొన్నదో వెదకినచో దొరకుట కష్టము. గుజరాతీ యాత్రికుడు ఇంటిని విడిచిపోయెను. తెలుగు యాత్రికుడు ఇంటిని వెంట గొనిపోయి కూడ గ్రంథమునకు వెలుపలనే నిలిపెను. మార్గములు వేరైనను ఫలము ఒకటే.

తలుపు తెరచుకొనిన చోటు గుజరాతీ గద్యములో ఒకటి స్పష్టముగా చూపవచ్చును. అది యాత్రాగ్రంథము కాదు. 1925 మొదలు 1929 వరకు 'నవజీవన్' పత్రికలో వరుసగా వెలువడిన గాంధీ ఆత్మకథ. దక్షిణాఫ్రికాలో వకీలుగా నుండిన గాంధీ 1896లో ఆరు నెలల కొరకు స్వదేశమునకు వచ్చి, ఆ యేడు చివర కుటుంబముతో 'కూర్లాండ్' అను ఓడలో డర్బనునకు తిరిగి పోయెను. భార్య, ఇద్దరు కుమారులు, విధవయైన అక్క కుమారుడు వెంట నుండిరి. పరదేశమున గౌరవము నిలువవలెనన్నచో నాగరికుల వేషము వేయవలెనని ఆయన నాడు నమ్మెను. భార్యకు పార్శీ పద్ధతి చీర, బాలురకు పార్శీ కోటు, లాగు. అందరికిని జోళ్ళు, మేజోళ్ళు. భోజనమునకు కత్తి, ముల్లు. జోళ్ళు పాదములను నొక్కినవి. మేజోళ్ళు చెమటకు కంపు కొట్టినవి. భర్త మాటకు ఎదురాడలేక వారు వానిని ధరించిరి. కొన్నాళ్ళకు ఆయనకే ఆ నాగరికత మీద మోజు తీరగా, అంతే కష్టముతో వానిని విడిచిరి.

ఆ చిన్న అధ్యాయమును మన యాత్రాసాహిత్య చరిత్రలలో ఎవరును చేర్చినట్లు కనబడదు. చేర్చవలెను. పరదేశవాసమనగా ఏమో అచట మొదటిసారిగా బిడ్డ పాదమునకు తెలిసినది. గృహయజమాని ఆలోచన తలలో పుట్టి, దాని బరువు మరియొకరి కాలిమీద పడినదని యజమానియే వ్రాసినాడు. తుపాను, క్వారంటీను, డర్బను రేవున జనుల దౌర్జన్యము, ఇట్టి ఘట్టములు ఆ ప్రయాణములో ఎన్నియో కలవు. వానిని ఎవరైనను వ్రాయగలరు. జోళ్ళ బాధను వ్రాయుటకు మాత్రము తన అధికారమును తానే ప్రశ్నించుకొనగల మనిషి కావలెను.

బిడ్డ వైపునుండి చెప్పిన సెలవుల ప్రయాణమునకు వంగసాహిత్యము ఒక ఉదాహరణమిచ్చుచున్నది. రవీంద్రనాథుడు 1912లో ప్రకటించిన 'జీవనస్మృతి'లో, ఉపనయనమైన తరువాత 1873లో తండ్రితో కలిసి చేసిన హిమాలయ ప్రయాణము కలదు. బోల్‌పూర్, అమృతసరస్సు, డల్హౌసీ ఆ దారిలోని మజిలీలు. తండ్రి ఆ బాలునకు డబ్బుపెట్టెను అప్పగించెను, గడియారమునకు కీ ఇచ్చు పనిని అప్పగించెను. కొండలకంటె ఈ రెండు బాధ్యతలే పాఠకునకు ఎక్కువ గుర్తుండును. పిల్లవానికి ప్రయాణమనగా చోటు మారుట కాదు. పెద్దలు తనను చూచు చూపు మారుట. ఈ సత్యమును రవీంద్రుడు పట్టుకొనెను. కాని ఆ బాలుడు ధనిక గృహమున పుట్టినవాడు. అతని సెలవు నిజమైన సెలవు. అతని ఇల్లు కలకత్తాలో కదలక నిలిచియుండెను.

సలాబత్‌పురా పరిసరముల నేతబిడ్డ సెలవు అట్టిది కాదు. ఇచట మరల మాటలను పరిశీలింపవలెను. తెలుగులో సెలవు అనగా పనికి విరామము, అనుమతి, వీడ్కోలు. గుజరాతీలో 'రజా' అను మాటకును ఈ మూడు అర్థములే కలవు. వేరు వేరు మూలముల నుండి వచ్చిన ఈ రెండు మాటలు ఒకే బ్రదుకును ఎరిగినట్లున్నవి. సాంచా మీద పని చేయువానికి కూలి నేసిన మీటరును బట్టి వచ్చును. సెలవు దినమున మీటరు లేదు, కూలియు లేదు. కనుక వానికి విరామము ఖర్చు. మగ్గము మరియొకరి చేతికి పోకుండ ఉండుటకు యజమాని అనుమతి వలయును. ఇక ఊరిలో వృద్ధులైన తల్లిదండ్రుల వద్ద తీసికొను ప్రతి సెలవును, కడసారి వీడ్కోలు కావచ్చునను శంకతో కూడినది. మూడర్థములును ఒక్క పయనమున కలిసివచ్చును.

సెలవు ఎప్పుడు దొరకునన్నది మరియొక చిక్కు. గుజరాతీలును తెలుగువారును చాంద్రమానమున అమాంత మాసములనే లెక్కింతురు. ఆశ్వయుజము ఇద్దరికిని ఒక్కటే. కాని గుజరాతు బడులకు శరత్కాలమున పెద్ద సెలవు దీపావళికి వచ్చును, మూడు వారములు. తెలంగాణపు పెద్ద పండుగ దసరా. అది దీపావళికి ఇరువది దినములు ముందు. బతుకమ్మ భాద్రపద అమావాస్యనాడు మొదలై దుర్గాష్టమికి ముగియును. ఆ దినములలో సూరత్ బిడ్డకు బడి యుండును. బిడ్డకు బడి విడిచినప్పుడు ఊరిలో పండుగ ముగిసియుండును. అందుచేత కుటుంబము పండుగను సూరత్‌లోనే చేసికొని, ఊరికి వేసవిలో పోవుచున్నది. తెలంగాణమున వేసవి యనగా పెండ్లిండ్లు, ఎండ, ఎండిన చెరువు. బిడ్డ ఎరిగిన తాతగారి ఊరు అట్టిదే. తంగేడు పూచిన ఊరిని తల్లి ఎరుగును; బిడ్డ ఎరుగడు. ఒక పంచాంగమునకును ఒక బడి పట్టికకును నడుమ ఒక ఋతువంత భాగము బిడ్డ జ్ఞాపకమునుండి జారిపోయినది. ప్రవాసము కలిగించు నష్టమును గూర్చి కన్నీటితో వ్రాసిన పద్యములు చాల కలవు. నష్టము ఎట్లు జరుగునో ఇంత స్పష్టముగా చూపినవి అరుదు.

దారి కూడ ఒక పాఠమే. అహ్మదాబాదు నుండి చెన్నై పోవు నవజీవన్ ఎక్స్‌ప్రెస్సు సూరత్ మీదుగా తపతీలోయ దారి పట్టి, నందుర్‌బార్, జల్‌గాఁవ్, భుసావళ్, వార్ధా, చంద్రపురము, బల్లార్షా దాటి వరంగల్ చేరును. ఇంచుమించు ఒక దినపు ప్రయాణము. ఆ దారిలో నవాపూర్ అను స్టేషనున్నది. గుజరాతు, మహారాష్ట్ర సరిహద్దు గీత దాని నడుమగా పోవును. సూరత్‌లో గుజరాతీ లిపిలో నున్న ఊరిపేర్లు అచటినుండి నాగరిలోనికి మారును; బల్లార్షా దాటి సిర్‌పూరు కాగజ్‌నగర్ సమీపించునప్పటికి తెలుగులోనికి మారును. గుజరాతీ బడిలో చదువుకొనిన బిడ్డ మొదటి పలకలను చదువగలడు; తుది పలకలను చూచి ఊరకుండును. తెలుగు బడిలో చదువుకొనిన బిడ్డకు ఇది తలక్రిందుగా జరుగును. సూరత్ నగరపాలక ప్రాథమిక విద్యాసమితి గుజరాతీతోపాటు హిందీ, మరాఠీ, ఉర్దూ, ఒడియా, తెలుగు, ఆంగ్ల మాధ్యమములలో బడులు నడుపుచు వచ్చినది. ఇది ప్రశంసింపదగిన పని. కాని తన బిడ్డను ఏ బడికి పంపవలెనన్న నిర్ణయమున, తండ్రి నిజముగా ఎన్నుకొనునది ఆ బిడ్డ ఏ వైపు పలకలను చదువవలెనన్నదే. కాపురము పెట్టిన చోటు భాషనా, సెలవులకు పోవు చోటు భాషనా? రెండును కోరు అధికారము పేదవానికి తక్కువ.

ఈ పయనమునకు పూర్వగ్రంథమును వెదకుచు మనము ఇంతవరకు వీరాస్వామయ్యను, మహీపత్‌రామును చూచితిమి. నిజమునకు దాని వంశము వారిది కాదు. యాత్రాగ్రంథమునకు కొత్తదనము ప్రాణము; చూడని చోటు చూచి వచ్చినవాడే వ్రాయుటకు అర్హుడు. నేతకుటుంబము ఏటేట అదే దారిని అదే ఊరికి పోవును. అందు కొత్తదేమియు లేదు. తిరిగి తిరిగి జరుగుటయే దాని స్వభావము. అట్టి పయనమునకు మన భాషలలో ఏనాడో ఒక రూపము ఏర్పడియున్నది. కాని అది గ్రంథము కాదు, పాట. ఆడపడుచు పుట్టింటికి పోవు పాట. అన్న వచ్చి పిలుచుట, అత్తవారి అనుమతి అడుగుట, ఒకరు ఇంకొకరిమీద నెపము పెట్టుట, తుదకు పయనము, మరల తిరుగు ప్రయాణము. బతుకమ్మ పాటలలో ఈ వస్తువు ఎన్ని విధములుగా వచ్చునో తెలుగు పాఠకులకు చెప్పనక్కరలేదు. గుజరాతీలో పుట్టిల్లు 'పియర్', అత్తవారిల్లు 'సాసరుఁ'. 1925 నుండి ఝవేర్‌చంద్ మేఘాణీ 'రఢియాళీ రాత్' అను పేర సంపుటములుగా వెలువరించిన లోకగీతములలో ఈ రెండిండ్ల నడుమ దారి పొడుగునను స్త్రీల గొంతు వినబడును.

బిడ్డలను చంక నిడుకొని ఏటేట సెలవు తీసికొని పయనమై, మరల తిరిగి వచ్చిన తొలి ప్రవాసి ఆడపడుచే. కాపురము పరాయి చోట, నాలుక పుట్టినచోట. ఆమె అడిగిన అనుమతియే నేడు మగ్గము యజమానిని ఆమె భర్త అడుగుచున్నాడు. ప్రవాసమున కుటుంబమంతయు కోడలి స్థితిని పొందుచున్నది. ఈ దృష్టితో చూచినచో మహీపత్‌రాము వ్రాసిన రెండు గ్రంథములు వేరు కావు. అత్తాకోడండ్ర కథయు దేశాంతరపు కథయు ఒకే ప్రశ్నకు రెండు ముఖములు: పరాయి ఇంట మనిషి మనిషిగా ఎట్లు నిలువవలెను?

నవరాత్రులలో సూరత్ తెలుగు వాడలయందు ఈ సామ్యము కంటికి కనబడును. గుజరాతీ స్త్రీలు రంధ్రములు గల కుండలో దీపము నుంచి దాని చుట్టు గర్బా ఆడుదురు. తెలుగు స్త్రీలు పూలను పేర్చి దాని చుట్టు తిరుగుదురు. రెండును వలయములే, రెండును చప్పట్లే. ఒక పిల్ల రెండు వలయములలోను ఆడగలదు. ఏ వలయమున ఆమె పాట నేర్చుకొన్నది, ఏ వలయమున అడుగు మాత్రము నేర్చుకొన్నది అన్నదే భాషాప్రేమికులు గమనింపవలసిన విషయము. అడుగు సులభముగా అబ్బును. పాటకు తల్లియో అమ్మమ్మయో కావలెను. అమ్మమ్మ వేసవి సెలవులకు మాత్రమే దొరకును.

ఇచట ఒక హెచ్చరిక అవసరము. ప్రవాసులను గూర్చి మన కవులు వ్రాసినప్పుడు ఊరిని స్వర్గము చేయుట ఆచారమైనది. వేపచెట్టు, బావిగట్టు, తల్లి చేతి ముద్ద. ఇవి అబద్ధములు కావు. కాని ఇంతమాత్రమే చెప్పుట అబద్ధము. ఆ ఊరు అన్నము పెట్టలేకపోయినందుననే ఈ కుటుంబము దాటి వచ్చినది. 1934లో వరంగల్లున నెలకొల్పిన ఆజంజాహీ మిల్లు 2002లో మూతపడినది. చేనేతకు గిరాకి తగ్గుటకు గల కారణములలో సూరత్ మరమగ్గముల చవుక చీర ఒకటి. ఊరిలో మగ్గము ఆగిపోగా సూరత్ వచ్చిన నేతగాడు, ఊరి మగ్గమును ఆపిన చీరనే ఇచట నేయుచున్నాడు. అతడు సెలవునకు పోకముందే అతడు నేసిన చీర వరంగల్ బజారు చేరును. ఈ విడ్డూరమును విడిచి వేపచెట్టును మాత్రము పాడు కవిత్వము పాఠకుని ఏడిపింపవచ్చును గాని ఎరుక కలిగింపజాలదు.

మరియొక సత్యమును కూడ ఆ కవిత్వము దాచును. ఊరిలో పది దినములు గడచునప్పటికి బిడ్డ సూరత్ ఎప్పుడు పోదమని అడుగును. తన స్నేహితులు, తన వీధి, తన తిండి అచట నున్నవి. తల్లికి తిరుగు ప్రయాణము దేశాంతరము పోవుట. అదే బండిలో, అదే బల్లమీద కూర్చుండిన బిడ్డకు అది ఇంటికి పోవుట. నవాపూర్ స్టేషనులో గీత నేలమీద నున్నది. ఈ కుటుంబములో గీత తల్లికిని బిడ్డకును నడుమ నున్నది. ఇద్దరును ఒకే భాషలో మాటలాడుకొనుచున్నంతకాలము మాత్రము దానిని దాటవచ్చును. కూలి, అద్దె, చదువు, ఆరోగ్యము, ఈ సమస్యలన్నిటి క్రింద ఈ సమస్య మౌనముగా నున్నది. సాహిత్యము తప్ప దీనిని చెప్పగలవారు లేరు.

ఇది సమాజశాస్త్రమునకు చెందిన విషయము గాని సాహిత్యవిషయము కాదని కొందరు అనవచ్చును. దక్షిణ గుజరాతు శ్రామికులను దశాబ్దములుగా పరిశీలించిన డచ్చి విద్వాంసుడు జాన్ బ్రెమన్, 'ఫుట్‌లూజ్ లేబర్' (1996) మొదలగు గ్రంథములలో సూరత్ శ్రామికుని నివాసమును, వేతనమును, రాకపోకలను సవిస్తరముగా చూపినాడు. అట్టి గ్రంథములకు మనము ఋణపడియున్నాము. కాని ఆ శాస్త్రమునకు శ్రామికుడు విషయము. బిడ్డ అతనిపై ఆధారపడిన సంఖ్య. పత్రికలకు విపత్తు విషయము. 1994 సెప్టెంబరులో సూరత్‌లో ప్లేగు వ్యాపించినదన్న వార్తకు లక్షలాది జనులు కొన్ని దినములలో నగరము విడిచిపోయిరి. 2020లో కరోనా నిర్బంధము విధించినప్పుడు, మమ్ము మా ఊళ్ళకు పంపుడని సూరత్ మగ్గపు పనివారు వీధులకెక్కిరి. ఆ రెండు ప్రయాణములు లోకమునకు తెలిసినవి. వాని నడుమ గడచిన ఇరువదియైదు వేసవులలో మూటలు కట్టి, టిక్కెట్లు తీసి, బిడ్డల చేయి పట్టుకొని బండి ఎక్కిన ప్రయాణములు ఎవరికిని తెలియవు. విపత్తు లేని సంవత్సరములే బ్రదుకులో ఎక్కువ. వానిని చెప్పుట సాహిత్యధర్మము.

దేశాంతర కుటుంబము కేవలము సూరత్‌దే కాదు. కోరంగి రేవు నుండి పందొమ్మిదవ శతాబ్దమున మారిషసు చేరినవారును, 'రంగము' అని మన పెద్దలు పిలిచిన రంగూనునకు పోయినవారును, నేడు అమెరికాలో స్థిరపడిన విద్యావంతులును ఈ ప్రశ్నను ఎదుర్కొన్నవారే. మారిషసు చేరిన వారిలో చాలమందికి సెలవులే లేకపోయెను; తిరుగుదారి మూసికొనిపోయినది. అమెరికావారికి విమానమున్నది, వారి అనుభవము కథలుగా, నవలలుగా తెలుగులో విస్తారముగా వచ్చుచున్నది. వరంగల్ నుండి ఒక దినపు దూరమున నున్న సూరత్ కుటుంబము మాత్రము సముద్రము దాటలేదన్న కారణమున ప్రవాసిగా లెక్కకు రాలేదు. సాహిత్యము దూరమును మైళ్ళలో కొలుచుట సరికాదు. బిడ్డ పలకను చదువలేక ఊరకుండిన చోట పరదేశము మొదలగును.

కనుక యాత్రాగ్రంథమును పరీక్షించునప్పుడు విమర్శకులు రెండు ప్రశ్నలను చేర్చుకొనవలెనని నా మనవి. ఈ ప్రయాణమునకు వెల ఎవరు చెల్లించిరి? ప్రయాణమున బిడ్డ ఏమి చూచినది? ఈ రెండిటికి జవాబు గల గ్రంథము, ఎంత చిన్న దూరమును గూర్చినదైనను, పెద్ద గ్రంథము. కాలేల్కర్ మాతృభాష మరాఠీ. ఐనను గుజరాతీ గద్యమును ఆయన ఎంత సుసంపన్నము చేసెనో, 1965లో సాహిత్య అకాడమీ ఆయన 'జీవన్ వ్యవస్థా' గ్రంథమునకు పురస్కారమిచ్చుటయే చాటును. పరాయి భాష నడుమ పెరిగిన మనిషి ఆ భాషకును తన భాషకును సొత్తు కాగలడు. సలాబత్‌పురా ప్రాంతమున గుజరాతీని వీధిలోను, హిందీని కార్ఖానాలోను, తెలుగును వంటయింటిలోను నేర్చుకొను బిడ్డలు నేడును కలరు. తండ్రిని వారు 'బాపు' అందురు; ఆ పిలుపు తెలంగాణమునకును చెల్లును, గుజరాతునకును చెల్లును. తెలుగు ప్రవాసమును గుజరాతీ ప్రవాసమును కలిపి ఒక్క మాటగా వ్రాయగలవారు ఆ బిడ్డలే. వారు తెలుగులో వ్రాయుదురా, గుజరాతీలో వ్రాయుదురా అన్నది వేసవి సెలవులలో అమ్మమ్మ వద్ద ఎన్ని దినములుందురో, బడిలో ఏ అక్షరములు దిద్దుదురో దానిపై ఆధారపడియున్నది. ఏ భాషలో వ్రాసినను రెండవ భాషవారు దానిని అనువదించుకొని చదువుటకు సిద్ధముగా నుండవలెను.